కొలను దాటని బంతి

శవం బాల్కనీలో, కుర్చీలోనే ఉంది.

తల ఒక పక్కకి వాలిపోయింది. కణత దగ్గర గుండ్రటి గుంట. చెవి వెనకనుంచి కారిన రక్తం చొక్కా కాలర్లోకి ఇంకిపోయింది. పక్కన చిన్న బల్ల మీద టీ గ్లాసు. సగం తాగి ఉంది. పైన మీగడ కట్టింది.

కుర్చీ కాలి దగ్గర తెల్లటి గోల్ఫ్ బంతి.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. ఏడూ పది. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ వచ్చింది ఆరూ నలభైకి. చేసింది మృతుడి అల్లుడు. ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు.

చనిపోయినాయన రిటైర్డ్ రైలు డ్రైవరు. కూతుర్ని చూడటానికి వచ్చి రెండు వారాలైంది. ఉద్యోగం వదిలినా వేకువన లేచే అలవాటు వదల్లేదు. రోజూ టీ గ్లాసుతో ఈ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న గోల్ఫ్ కోర్సు మీద తెల్లవారడం చూసేవాడు.

ఇన్‌స్పెక్టర్ బాల్కనీ రెయిలింగ్ దగ్గరకి వెళ్ళింది. రెండో అంతస్తు. కింద పచ్చిక. పచ్చిక తర్వాత కొలను. కొలను అవతల మొక్కల కంచె. ఆ కంచె వెనక మనిషి నక్కి కూర్చుంటే ఇక్కణ్ణుంచి కనపడడు.

ఆ ఊహకే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంతకుముందు కూడా బంతులొచ్చాయా?"

"రెండుసార్లు కిటికీ అద్దాలు పగిలాయి మేడమ్." డాక్టరు గొంతు మెత్తగా ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. "కోర్సు పక్కనే ఇల్లు కదా, సరేలే అనుకునేవాళ్ళం. మామయ్యగారు మాత్రం ఊరుకోలేదు. వెళ్ళి, అక్కడ ఆట నేర్పే కోచ్‌తో గొడవ పెట్టుకున్నారు."

"కోచ్ ఏమన్నాడు?"

"'ఈసారి బంతి నీ తలకే తగుల్తుంది చూస్కో' అన్నాడు. అందరి ముందూ."

"ఎప్పుడు?"

"పోయిన ఆదివారం."

ఎస్సై మీసం సవరించుకున్నాడు. సర్వీసులో జుట్టు నెరిసిన మనిషి. "బంతి ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందంటారు డాక్టర్‌గారూ?"

"నేనూ ఆడతాను కాబట్టి చెప్తున్నాను. ఆ కంచె దగ్గర్నుంచి. ఇక్కడికి సరిగ్గా సెవెన్ ఐరన్, అంటే ఏడో నంబరు ఇనప కర్ర, దూరం. అక్కడ నిలబడి సెవెన్‌తో కొడితే ఈ బాల్కనీలో పడుతుంది."

ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళని కంచె దగ్గరకి పంపాడు. పావుగంటలో ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో, గుడ్డలో చుట్టిన ఇనప కర్ర. సన్నటి, పాతకాలపు తల. అడుగున అంకె అరిగిపోయినా తెలుస్తోంది. 7. పిడికి ఎర్రటి టేపు చుట్టి ఉంది.

"ఎర్ర టేపు కోచ్ గుర్తు," అన్నాడు డాక్టరు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కిందికి దిగింది. వంటింట్లో మృతుడి కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. వణుకుతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు గుమ్మం దాకా వినిపిస్తోంది.

"అమ్మా, మీరేమైనా చూశారా?"

ఆమె పెదవులు కదిలాయి. చూపు ఇన్‌స్పెక్టర్ భుజం మీదుగా గుమ్మంలోకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"తను వంటింట్లోనే ఉంది మేడమ్," వెనకనుంచి డాక్టరు అన్నాడు. "పాపం, తండ్రంటే ప్రాణం. బయట వాడు తిరుగుతున్నంత కాలం తనకి నిద్ర పట్టదు."

"గేటు దగ్గర కానిస్టేబుల్‌ని పెడతాను," అంది ఇన్‌స్పెక్టర్. "భయపడకండి."

కోచ్ గదికి తాళం వేసి ఉంది. జీపు రావడం చూసి, వెనక గోడ దూకి పారిపోయాడని తోటమాలి చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా ఆ వీధిలో బాల్కనీలన్నీ ఖాళీ అయిపోయాయి. తలుపులు బిగించుకున్నారు. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి కూడా ఎవరూ బయటికి రాలేదు. ఎక్కడో కొబ్బరిమట్ట పడితే, పక్కింటి ముసలావిడ మంచం కిందికి దూరింది. ఎక్కణ్ణుంచో చప్పుడు లేకుండా వచ్చే చావంటే ఎవరికి భయం ఉండదు?

పోస్ట్‌మార్టమ్ డాక్టరు సాయంత్రం ఫోన్ చేశాడు.

"బంతి దెబ్బే. సైజు సరిపోయింది. కానీ ఒక సంగతి. గోల్ఫ్ బంతి మీద చిన్నచిన్న గుంతలుంటాయి చూడండి, అంత గట్టిగా తగిలితే చర్మం మీద వాటి అచ్చు పడాలి. లేదు. నేత గుడ్డ నొక్కినట్టుగా ఏదో గీతలున్నాయి."

"టోపీ ఏమైనా?"

"తల మీద ఏమీ లేదు కదా."

ఎస్సై పెదవి విరిచాడు. "దెబ్బ తగలకుండా పెద్దాయన తువ్వాలు అడ్డం పెట్టుకునుంటాడు మేడమ్." దూరం కొలిపించానని చెప్పాడు. నూట అరవై రెండు గజాలు. ఫోన్‌లో ఒక పట్టిక చూపించాడు. సెవెన్ ఐరన్, నూట అరవై గజాలు. "గంతకి తగ్గ బొంత. ఇంకేం కావాలి?"

బాల్కనీలో తువ్వాలు లేదు.

కోచ్ రెండో రోజు దొరికాడు. అక్క ఇంటి మేడ మీద, నీళ్ళ టాంకు వెనక. యాభై దాటిన మనిషి. పట్టుకునేసరికి చిన్నపిల్లాడిలా అక్క కొంగు పట్టుకున్నాడట.

"ఎందుకు పారిపోయావు?"

"జీపు చూశాక కాళ్ళు నా మాట వినలేదు మేడమ్."

"ఆయన్ని బెదిరించావా, లేదా?"

"అన్నాను. కోపంలో నోరు జారింది. ఆయన నన్ను అందరి ముందూ గుడ్డివాడా అన్నాడు. అంతకన్నా ఏమీ లేదు."

"ఆ పొద్దున ఎక్కడున్నావు?"

"నా గదిలో. నిద్రపోతున్నాను."

"సాక్షి?"

"ఒంటరివాణ్ణి. నిద్రకి సాక్షిని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

ఎస్సై కర్రని బల్ల మీద పెట్టాడు. కోచ్ మొహంలో ఒక్క క్షణం భయం పోయి, పోయిన పిల్లాడు ఇంటికొచ్చినంత సంతోషం కనిపించింది.

"నాదే! మా నాన్న ఆడిన సెట్టులోది. మొన్న సాయంత్రం సామాన్ల గదిలోంచి పోయింది."

"కంప్లయింట్ ఇచ్చావా?"

"ఇంత పాత కర్రకి కంప్లయింట్ ఇస్తే నవ్వరా సార్?"

"దీంతోనే కంచె దగ్గర్నుంచి బాల్కనీలోకి కొట్టావు. అవునా?"

"దీంతోనా?" కోచ్ అయోమయంగా చూశాడు. "కొలను కూడా దాటదు సార్."

ఎస్సై ఫోన్ తీసి పట్టిక చూపించాడు. "చదువు. సెవెన్, నూట అరవై."

"అది ఇప్పటి సెవెన్ సార్. ఇది పాత సెవెన్."

"ఏడు ఎప్పుడైనా ఏడేనయ్యా! మీ నాన్నకో ఏడు, మా నాన్నకో ఏడు ఉంటుందా?"

కానిస్టేబుళ్ళు నవ్వారు. కోచ్ మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ఒక్కతే ఆ ఇంటికి వెళ్ళింది. మంచి వార్త తనే స్వయంగా చెబుదామనుకుంది. తలుపు డాక్టరే తీశాడు. క్లినిక్‌కి సెలవు పెట్టానన్నాడు. ముందు తలుపుకి కొత్త గొళ్ళెం బిగించి ఉంది. మెట్ల పైన కనిపిస్తున్న పడగ్గది తలుపుకి కూడా. జాగ్రత్త కోసమన్నాడు.

పడగ్గది గొళ్ళెం బయటివైపు ఉంది.

కూతురు మెట్ల దగ్గర నిలబడింది.

"వాడు దొరికాడమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "ఇక మీకేం భయం లేదు."

ఆమె మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"అయితే... గేటు దగ్గర కానిస్టేబుల్‌ని తీసేస్తారా?"

"తీసెయ్యరూ మరి?" డాక్టరు నవ్వాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఊపిరి బిగపట్టింది. "పాపం వాళ్ళకి వేరే పనులుండవా? నువ్వు పైకెళ్ళి పడుకో."

ఆమె పైకి వెళ్ళింది. మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. తన వైపు కాదు, గేటు వైపు చూసిందని ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది.

ఇన్‌స్పెక్టర్ జీపెక్కింది. తాళంచెవి తిప్పలేదు. దోషి దొరికాడంటే ఎవరికైనా గుండె బరువు దిగాలి. ఈమెకి ఎందుకు పెరిగింది?

గేటు దగ్గర కానిస్టేబుల్‌ని పిలిచింది. "నేను చెప్పేదాకా కదలొద్దు. ఎవరు చెప్పినా సరే."

అక్కణ్ణుంచి నేరుగా గోల్ఫ్ సామాన్ల షాపుకి వెళ్ళింది. యజమానురాలు పొడుగ్గా, బలంగా ఉన్న నలభై ఏళ్ళ మనిషి. గోడ నిండా కప్పులు. మూడేళ్ళుగా క్లబ్ ఛాంపియన్ తనేనని కూర్చోకముందే చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ కర్రని బల్ల మీద పెట్టింది. "దీంతో ఎంత దూరం కొట్టొచ్చు?"

"అబ్బ, ఎంత బాగుందో!" ఆవిడ గ్లవ్స్ వేసుకుని కర్రని తిప్పి చూసింది. "మా తాతల కాలంనాటిది. నేనైతే నూట ముప్ఫై. గాలి వెనకనుంచి వీస్తే నూట ముప్ఫై అయిదు."

"పట్టికలో నూట అరవై అని ఉందే?"

"ఆ పట్టిక కొత్తవాటికండీ."

ఆవిడ కోణం కొలిచే సాధనంలో కర్రని బిగించింది. ముల్లు ఆగింది. ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. తర్వాత గోడ మీదనుంచి మెరిసిపోతున్న కొత్త సెవెన్ తీసి బిగించింది. ఇరవై తొమ్మిది.

"ఇది లాఫ్ట్. అంటే తల ఎంత వెనక్కి వాలి ఉందో. ఎక్కువ వాలితే బంతి పైకి లేస్తుంది, దూరం పోదు. తక్కువ వాలితే ముందుకి దూసుకుపోతుంది. కొత్తవాటికి అడుగు మందం, బరువంతా కిందే ఉంటుంది. అందుకని వాలు తగ్గించినా బంతి లేస్తుంది. కర్ర కూడా కాస్త పొడుగు. అంకె తగ్గేకొద్దీ దూరం ఎక్కువ. నిజానికి ఈ కొత్త సెవెన్ పాత ఫైవ్‌కన్నా కూడా దూరం పోతుంది. అంకె మాత్రం ఏడు చెక్కారు."

"ఎందుకలా?"

"'నా సెవెన్ నూట అరవై పోయింది' అని నలుగురిలో చెప్పుకోవాలని ఎవరికుండదండీ? కంపెనీలవాళ్ళకి ఆ సంగతి తెలుసు."

"ఇది ఆడేవాళ్ళందరికీ తెలుస్తుందా?"

"ఎక్కడ తెలుస్తుంది! ఈ మధ్య నేర్చుకున్నవాళ్ళు పాతకర్ర ముట్టుకునే ఉండరు. మన పళ్ళ డాక్టరుగారే ఉన్నారు. మూడేళ్ళ కిందట నా దగ్గరే కొత్త సెట్టు కొన్నారు. ఏడంటే ఆయనకి ఇదే ఏడు."

బాల్కనీలో డాక్టరన్న మాట ఇన్‌స్పెక్టర్‌కి గుర్తొచ్చింది. సరిగ్గా సెవెన్ ఐరన్ దూరం.

బంతి కంచె దగ్గర్నుంచి రాలేదు. అసలు బయటనుంచే రాలేదు.

ఆమె కాపలా పెట్టింది గేటుకి. ఆ మనిషి ఉన్నది గేటు లోపల.

ఫోన్ తీసింది. కానిస్టేబుల్ మూడో రింగుకి ఎత్తాడు.

"ఆవిడ ఎక్కడ?"

"పైన గదిలో మేడమ్. డాక్టర్‌గారు నన్ను టీ తాగి రమ్మన్నారు. మీరు చెప్పారు కదా, కదల్లేదు."

"లోపలికి వెళ్ళు. ఏదో ఒకటి అడుగు. మంచినీళ్ళడుగు. నేను వచ్చేదాకా డాక్టర్ని కింది గదిలోంచి కదలనివ్వకు. ఫోన్ పెట్టెయ్యకు!"

ఆ పది నిమిషాల దారి ఆమెకి ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. ఫోన్‌లో గ్లాసు చప్పుడు. డాక్టరు మెత్తటి గొంతు. కానిస్టేబుల్ ఇంకో గ్లాసు అడగడం. ఆడమనిషి గొంతు మాత్రం లేదు.

పడగ్గది గొళ్ళెం వేసి ఉంది. ఇన్‌స్పెక్టర్ తీసింది. మూలన మంచానికీ గోడకీ మధ్య ముడుచుకుని కూర్చుని ఉంది ఆమె. బతికే ఉంది.

"నాతో రండి," అంది ఇన్‌స్పెక్టర్. "డాక్టర్‌గారూ, మీరు కూడా. మీ గోల్ఫ్ బ్యాగు తెచ్చుకోండి. చిన్న పరీక్ష ఉంది."

అయిదు గంటలకి అందరూ కంచె దగ్గర చేరారు. కోచ్‌ని ఎస్సై తీసుకొచ్చాడు. షాపు యజమానురాలు వచ్చింది. ఎదురుగా కొలను. దాని అవతల ఆ బాల్కనీ, ఖాళీ కుర్చీ. కూతురు అటు చూడలేక తల దించుకుంది. ఇన్‌స్పెక్టర్ ఆమెకీ భర్తకీ మధ్య నిలబడింది.

"కొట్టవయ్యా."

కోచ్ ఎర్రటేపు కర్ర అందుకున్నాడు. చేతులు వణికాయి. కానీ కర్ర ఊపేటప్పుడు మాత్రం వణుకు లేదు. బంతి నిటారుగా లేచింది. కొలను మధ్యలో పడింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"కావాలని తక్కువ కొడుతున్నాడు," అన్నాడు డాక్టరు.

"మీరు కొట్టండి," అని ఇన్‌స్పెక్టర్ ఛాంపియన్‌కి చెప్పింది. ఆవిడ భుజాలు విప్పుకుని, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అవతలి గట్టు దగ్గర నీళ్ళు ఎగిసిపడ్డాయి.

"ఇప్పుడు డాక్టర్‌గారి సెవెన్‌తో."

బంతి బాణంలా పోయింది. కొలను దాటింది. పచ్చిక దాటింది. బాల్కనీ కింద గోడకి తగిలి టక్‌మంది.

ఎస్సై మీసం మీదినుంచి చెయ్యి తీశాడు. "రెండిటి మీదా ఏడే కదా మేడమ్!"

"అంకె ఒకటే. వాలు వేరు. పది డిగ్రీల తేడా. కోచ్ మనకి మొదటే చెప్పాడు. మనం నవ్వాం." ఇన్‌స్పెక్టర్ డాక్టరు వైపు తిరిగింది. "కోచ్ నిజంగా చంపాలనుకుంటే, అక్కడిదాకా పోని కర్ర తెచ్చుకోడు. ఇది ఇక్కడ పెట్టినవాడికి ఏడంటే తన ఏడే తెలుసు."

"వేరే కర్రతో కొట్టి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. మరి మేం వెతక్కముందే సెవెన్ అని మీకెలా తెలిసింది?"

డాక్టరు చూపు తన బ్యాగు మీదికి పోయింది.

"పోనీ, ఇంకో ప్రశ్న. దెబ్బ మీద నేత గీతలున్నాయి. గాల్లో ఎగిరొచ్చిన బంతికి గుడ్డ ఎవరు చుట్టారు?" ఆమె అతని బ్యాగు దగ్గర వంగింది. పెద్ద కర్రల తలలకి ఊలు అల్లిన పొడుగాటి తొడుగులున్నాయి. మేజోళ్ళలాగా. మిగతావి మాసిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం శుభ్రంగా, ఉతికినట్టుంది. "ఇందులో బంతి వేసి తిప్పి కొడితే పుర్రె పగలదా డాక్టర్‌గారూ?"

"ఊలు ఉతికితే నేరమా?" అతను నవ్వాడు. భార్య వైపు చూశాడు. మెత్తగా అడిగాడు. "నువ్వు చెప్పు. ఆ పొద్దున నేనెక్కడున్నాను?"

ఆమె మెడ మీద నరం కొట్టుకోవడం ఇన్‌స్పెక్టర్‌కి కనిపించింది.

"ఆయన్ని చూడకండమ్మా. నన్ను చూసి చెప్పండి."

ఆమె తల ఎత్తి ఇన్‌స్పెక్టర్ని చూసింది.

"మెట్ల మీద."

"ఏం చేస్తున్నాడు?"

"పైనుంచి దిగుతున్నారు. ఆ ఊలు తొడుగు చేతిలో ఉంది. వాషింగ్ మెషిన్‌లో వేశారు. 'మీ నాన్నకి బయటనుంచి బంతి తగిలింది, అర్థమైందా' అన్నారు. తర్వాత... ఆరెయ్యమన్నారు." ఆమె రెండు చేతులూ చూసుకుంది. "ఆరేశాను. నాన్న పైన అలా ఉండగా, నేను కింద అది ఆరేశాను మేడమ్."

"నాన్నగారు మిమ్మల్ని తీసుకెళ్ళిపోదామనుకున్నారా?"

"ముందురోజు మధ్యాహ్నం నా మెడ మీద వేలి గుర్తులు చూశారు. ఏమీ అడగలేదు. 'రేపటి బండికి పోదాం, మూటా ముల్లే సర్దుకో' అన్నారు. అది ఈయన విన్నారు."

డాక్టరు ఒక్క అడుగు ముందుకి వేశాడు. ఒక్కటే. ఆమె కెవ్వుమని అరిచి కూలబడింది. ఎస్సై, కానిస్టేబులూ అతని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. ఊలు తొడుగు కవర్లోకి వెళ్ళింది. ఎన్నిసార్లు ఉతికినా ఊలు లోపలి రక్తం మరక లాబ్‌వాళ్ళ కళ్ళు దాటిపోదని ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు.

కోచ్ అక్కడే గడ్డి మీద చతికిలబడి, భోరున ఏడ్చాడు. ఎస్సై అతని పక్కన కూర్చుని, తన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

"బయట హంతకుడున్నాడని మీకు కాపలా పెట్టాను," అంది ఇన్‌స్పెక్టర్ దారిలో. "మీ భయం నాకు వేరేలా అర్థమైంది."

"బయటివాళ్ళంటే నాకెప్పుడూ భయం లేదు మేడమ్."

జీపు ఇంటి ముందు ఆగింది. ఆ రాత్రికి ఆమెని పిన్ని ఇంటికి చేర్చాలి. బట్టలు తెచ్చుకోవాలి. ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది.

"లోపల ఎవరూ లేరు కదా?"

"లేరమ్మా. నేనూ రానా?"

ఆమె ఆ ఇంటిని కాసేపు చూసింది. తల అడ్డంగా ఊపి ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. ముందు గదిలో లైటు వెలిగింది. వంటింట్లో వెలిగింది. మేడ మీద గదిలో వెలిగింది. ఒకటొకటిగా కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

చివరికి పై కిటికీలోంచి ఆమె తల బయటపెట్టింది.

"మీరు జీపులో కూర్చోండి మేడమ్. నాకు కాస్త ఆలస్యమవుతుంది."